ఆర్వో వదిలే నీటిని పారబోయకండి
అనంతపురం: ఉమ్మడి జిల్లాలో సాధారణ వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లే. భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ సమస్య వల్ల పలు కుటుంబాలు ఇళ్లలో ఆర్వో యంత్రాలు అమర్చుకున్నాయి. ఇవి లీటరు మంచినీటికి సాధారణంగా రెండు, మూడు లీటర్లను బయటకు వదులుతాయి. అదంతా మురుగుకాలువ పాలవుతోంది. ఆ గొట్టం కింద బకెట్ పెడితే నేల తుడవడానికి, మరుగుదొడ్డికి ఆ నీరు చాలు. అయితే లవణాలు, ఫ్లోరైడ్ అందులోనే చేరతాయి కనుక తాగడానికి, వంటకు వాడరాదు. మొక్కలకూ రోజూ పోయరాదు. వాటికి బియ్యం, కూరగాయలు కడిగిన నీరే మేలు.

డాబా నీటిని చాలామంది లెక్కలోకే తీసుకోరు. వంద చదరపు మీటర్ల డాబాపై పది మిల్లీమీటర్ల వాన కురిస్తే పడేది వెయ్యి లీటర్లు. తొలి జల్లు నీటిని దుమ్ముతో సహా వదిలేసి, తర్వాతి నీటిని ఇంకుడుగుంతకు మళ్లించాలి.