కుందేలు బరువు పెరగకపోతే తప్పు జాతిదేనా?

వీడియోలో రెండు తూకాలు చూపించాను, గమనించారా? రెండూ న్యూజిలాండ్ వైట్ పిల్లలే. అదే తల్లి, అదే మగ కుందేలు. జనవరి ఈతలో పుట్టింది మూడు నెలలకి 2 కిలోలు దాటింది. ఏప్రిల్ ఈతలోది అదే వయసుకి కిలోన్నర దగ్గరే ఆగిపోయింది. తల్లి పని అయిపోయిందనుకొని అమ్మేయబోయాను. తొందరపడితే మంచి తల్లిని పోగొట్టుకునేవాణ్ణి.

జాతి ముఖ్యమే, కాదనను. నెదర్లాండ్ డ్వార్ఫ్ ఎంత మేపినా కిలో చుట్టుపక్కలే ఉంటుంది, దాంట్లో పొట్టి జన్యువు ఉంది. న్యూజిలాండ్ వైట్, సోవియట్ చించిల్లా పెద్దయ్యాక 4 నుంచి 5 కిలోలు తూగుతాయి. ఫ్లెమిష్ జెయింట్ 6 కిలోలు కూడా దాటుతుంది. కానీ ఇది జాతికున్న అవకాశం మాత్రమే. అంతవరకూ పెరగనిచ్చేది మన షెడ్డే.

కుందేలుకి మనలాగా చెమట పట్టదు. ఒంట్లో వేడిని చెవుల గుండా, ఊపిరితో బయటికి పంపుకోవాలి. తిన్న మేత అరిగేటప్పుడు కూడా వేడి పుడుతుంది కదా, అందుకే ఎండ 30 డిగ్రీలు దాటితే అది మేతే తగ్గించేస్తుంది. మాది రేకుల షెడ్డు, మే నెలలో మధ్యాహ్నం లోపల నిలబడలేం. గిన్నెలో దాణా మిగిలిపోతుంటే కడుపు నిండిందనుకున్నాను! వేడిలో పెరిగిన పిల్లల చెవులు కాస్త పొడుగ్గా కూడా వస్తాయి.

ఇంకో సంగతి, జనవరిలో పుట్టినవి ఆరు పిల్లలు, ఏప్రిల్లో తొమ్మిది. తల్లి మామూలుగా రోజుకి ఒక్కసారే పాలిస్తుంది. పుట్టినప్పుడు 50, 60 గ్రాములుండే పిల్లలు, పాలు పంచుకునేవాళ్ళు ఎక్కువైతే అక్కడే వెనకబడతాయి. ఒకే రోజుల్లో ఈనిన వేరే తల్లి ఉంటే రెండు మూడు పిల్లల్ని దాని గూటిలోకి మార్చండి.

ఇప్పుడు రేకుల మీద తాటాకు కప్పాను, పక్కల తడి గోనెసంచులు కట్టాను. మేత తెల్లవారుజామున, చీకటి పడ్డాక వేస్తున్నాను. చల్లటి నీళ్ళు ఎప్పుడూ ఉండాలి. సుబాబుల్ ఆకు ఊరికే దొరుకుతుందని అదే పనిగా వేయకండి, అందులోని మైమోసిన్ వల్ల బొచ్చు రాలుతుంది, ఎదుగుదల తగ్గుతుంది. దశరథ గడ్డి ఎక్కువ, సుబాబుల్ కొంచెం. అన్నాచెల్లెళ్ళని కలపకండి, మగదాన్ని బయటి నుంచి తెచ్చుకోండి.

తల్లిని అమ్మలేదు. వచ్చే వేసవి ఈతని కూడా తూకం వేసి వీడియో పెడతాను.