సంగటికి ఇరవై నిమిషాలు, నడకకు ముప్పై

టైమ్ లేదని మనం పొద్దున్నే వదిలేసేవి రెండు: తిండి, నడక. హోసూరు నుంచి కృష్ణగిరికి దాదాపు 50 కిలోమీటర్లు. బస్సు కోసం పరుగు, ఆకలైతే బేకరీ పఫ్. అమ్మ నాలుగింటికే లేచి వండితే మాత్రం అందరికీ టైమ్ ఉంటుంది! ఆ లెక్క నాకు నచ్చదు. తొందరగా అయ్యే వంట అంటే ఇంకొకరి నిద్రని తినే వంట కాకూడదు కదా.

అలాంటి వంట మన దగ్గరే ఉంది. కృష్ణగిరి జిల్లాలో రాగులు బాగా పండుతాయి. వాటితో చేసేది తెలుగువాళ్లకి సంగటి, తమిళం వాళ్లకి కళి. మా ఇంట్లో రెండు భాషలు కాబట్టి పేర్లూ రెండే, గిన్నె మాత్రం ఒక్కటే.

సంగటి పెద్ద పని అనుకుంటారు. రాత్రి మిగిలిన అన్నం ఒక గ్లాసు ఉంటే సగం పని అయినట్టే. అందులో మూడు గ్లాసుల నీళ్లు, ఉప్పు వేసి మెత్తగా ఉడకనివ్వాలి. గ్లాసున్నర రాగిపిండి మధ్యలో కుప్పగా పోసి, కలపకుండా మూతపెట్టి, సన్నమంట మీద ఎనిమిది, పది నిమిషాలు ఉంచాలి. ముందే కలిపితే ఉండలు కడతాయి. దించాక కట్టెతో గట్టిగా గెలికి, చేయి తడిచేసుకొని ముద్దలు చేయడమే. మొత్తం ఇరవై నిమిషాలు. వేయించిన శెనక్కాయలు, ఎండుమిరపకాయలు, చింతపండు, తెల్లగడ్డ, ఉప్పు నూరితే పక్కకి ఊరిబిండి. ధనుర్మాసంలో పితికిపప్పు ఇంకా రుచి. కానీ అనపగింజలు పితకడం తొందర పని కాదు, దాన్ని ఆదివారానికి ఉంచండి.

పొద్దున పొయ్యి ముట్టించే ఓపిక కూడా లేదా? అయితే అంబలి. నాలుగు చెంచాల పిండిని చల్లనీళ్లలో కలిపి, మరిగే నీళ్లలో పోసి, ఏడెనిమిది నిమిషాలు తిప్పుతూ ఉడికించి రాత్రే ఉంచేయాలి. తెల్లారాక మజ్జిగ, ఉప్పు, తరిగిన చిన్న ఉల్లిపాయలు వేసి తాగొచ్చు. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల్లో 100 గ్రాముల రాగుల్లో సుమారు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. మన వయసులో ఎముకలు ఇంకా గట్టిపడుతూనే ఉంటాయి.

ఇలా మిగిలిన అరగంట ఫోన్‌కి పోతే లాభం లేదు. అమెరికాలో రేచెల్ కప్లాన్, స్టీఫెన్ కప్లాన్ అనే మనోవిజ్ఞాన శాస్త్రవేత్తలు 1989లో తెచ్చిన పుస్తకంలో దీని గురించే రాశారు. పట్టుబట్టి చదివేటప్పుడు వాడే ఏకాగ్రత అలిసిపోతుంది. చెట్లు, నీళ్లు, మబ్బులు మన ప్రయత్నం లేకుండానే చూపుని లాగుతాయి, అప్పుడు అలిసిన ఏకాగ్రతకి విశ్రాంతి దొరుకుతుంది. ఫోన్ చూస్తూ నడిస్తే కాళ్లు కదులుతాయి గానీ మెదడు క్లాసులోనే ఉన్నట్టు.

హోసూరువాళ్లకి చంద్రచూడేశ్వరస్వామి కొండ ఉంది, కృష్ణగిరివాళ్లకి డ్యాం పక్క తోట. పెద్దవాళ్లకి వారానికి కనీసం 150 నిమిషాల ఒక మోస్తరు వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంటే అరగంట చొప్పున ఐదు రోజులు. ఒక్కదాన్నే పంపడానికి ఇంట్లో ఒప్పుకోకపోతే ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి. అదీ కుదరకపోతే చెట్లు కనబడే మిద్దె చాలు. కొండ దిగేటప్పుడు మాత్రం పరుగెత్తకండి, మోకాళ్ల మీద బరువు పడేది అప్పుడే.