రెండు భాషలు వచ్చిన ఎలుక

పావగడలో మా అక్కవాళ్లింట్లో ఒక పాత కంప్యూటర్ ఉండేది. 2010లో మా మేనకోడలు ఎస్సెస్సెల్సీ పరీక్షలు రాసి, సెలవుల్లో టైపింగు నేర్చుకుంటానంటే తెలిసినవాళ్లు ఇచ్చారు. నెల తిరక్కుండానే దాని మౌస్ చెడిపోయింది. పాతదాని తోకకు గుండ్రటి మూతి. అంగట్లో దొరికినదానికి చదునైన యుఎస్‌బి మూతి. కంప్యూటర్‌కున్న యుఎస్‌బి రంధ్రాలేమో ఎప్పుడో పాడైపోయాయి. "దానికేం, ఇది తగిలించుకోండి" అని అంగడాయన ఒక చిన్న ఆకుపచ్చ అడాప్టర్ ఇచ్చి పంపాడు.

తగిలించారు. చక్కగా పట్టింది. ఆపి మళ్లీ వేసి చూసినా తెర మీది బాణం మాత్రం కదల్లేదు. "మామా, కంప్యూటర్ చెడిపోయిందంట, అమ్మేస్తానంటా ఉంది అమ్మ" అని ఫోనులో ఏడుపు గొంతు.

కంప్యూటర్‌కు ఏమీ కాలేదు. చిక్కంతా ఆ అడాప్టర్ దగ్గరే ఉంది.

1964లో అమెరికాలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఊహకు బిల్ ఇంగ్లిష్ కొయ్యతో రూపమివ్వగా మౌస్ పుట్టింది. తర్వాత మన ఇళ్లకు వచ్చిన మౌస్‌లలో ముఖ్యంగా మూడు రకాల మూతులు చూశాం. మొదటిది తొమ్మిది సూదుల సీరియల్. రెండోది 1987లో ఐబిఎం తెచ్చిన గుండ్రటి పిఎస్/2, దీనికి ఆరు సూదులు. మూడోది 1996లో వచ్చిన యుఎస్‌బి. దాని రూపకర్తల్లో ముఖ్యుడైన అజయ్ భట్ మన దేశంలో పుట్టినవాడే.

మూతితో పాటు భాష కూడా మారింది. పిఎస్/2 మౌస్ కదిలితే తానే కబురు పంపుతుంది. యుఎస్‌బి మౌస్ మాత్రం కంప్యూటర్ పదే పదే అడుగుతుంటేనే బదులిస్తుంది. ఆకుపచ్చ అడాప్టర్‌లో దుబాసీ ఎవరూ లేరు. నాలుగు తీగలు ఇటునుంచి అటు కలిపి ఉంటాయి, అంతే.

పావగడవాళ్లకు ఈ సంగతి చెప్పడం తేలిక. తాలూకా కర్ణాటకది, చుట్టూ చాలావరకు ఆంధ్ర. మా మేనకోడలికి ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. ఎదుటివారిని బట్టి మాట మార్చేస్తుంది. కొన్ని మౌస్‌లూ అంతే. రెండు భాషలూ వచ్చినవి గనుక, తగిలించగానే అవతలిది ఏదో గుర్తుపట్టి ఆ భాషే అందుకుంటాయి. ఆకుపచ్చ అడాప్టర్ అలాంటివాటి కోసమే. యుఎస్‌బి ఒక్కటే వచ్చిన మౌస్‌కు దాన్ని పెట్టడమంటే, కన్నడం రానివాణ్ణి తుమకూరు కచేరీ గుమ్మంలో నిలబెట్టి మాట్లాడమన్నట్టే.

ఇక పిఎస్/2 మాత్రమే వచ్చిన మౌస్‌ను యుఎస్‌బి రంధ్రానికి కలపాలంటే, లోపల చిప్ ఉన్న కన్వర్టర్ కావాలి. అదే అసలైన దుబాసీ.

నేటి కంప్యూటర్లలో గుండ్రటి రంధ్రం అరుదు. కొత్త యుఎస్‌బి-సి రంధ్రానికి పాత యుఎస్‌బి మౌస్‌ను చిన్న అడాప్టర్‌తో నిశ్చింతగా కలపవచ్చు. మూతి మారినా భాష ఒకటే మరి. తోక లేని మౌస్‌తో వచ్చే బుల్లి రిసీవర్‌ను మాత్రం జాగ్రత్తగా దాచుకోండి. అది తన జోడు మౌస్‌నే గుర్తుపడుతుంది. వేరే కంపెనీది తెచ్చి పెడితే సాధారణంగా పలకదు. బ్లూటూత్ మౌస్‌కు రిసీవర్ అక్కర్లేదు గాని, కంప్యూటర్‌లో బ్లూటూత్ ఉండాలి.

మా మేనకోడలి మౌస్ పెట్టె మీద పిఎస్/2 అన్న మాటే లేదు. తర్వాతి వారం హిందూపురం నుంచి గుండ్రటి మూతి మౌస్ ఒకటి పట్టుకెళ్లాను. కంప్యూటర్ ఆపి తగిలించి, మళ్లీ వేశాను. పిఎస్/2 మౌస్‌ను నడుస్తున్న యంత్రానికి తగిలించకూడదు. బాణం కదిలింది. అక్క మళ్లీ అమ్మకం మాట ఎత్తలేదు.

మీ ఇంట్లోనూ ఇలాంటి పాత యంత్రం ఉంటే, తీసిపారేసే ముందు మౌస్ పెట్టె ఒకసారి తిప్పి చూడండి.