మార్కులు అడిగే ముందు మనసు సంగతి అడగండి

చేవెళ్ల: పొలం కుదువబెట్టి అయినా పిల్లల్ని ఇంజనీరింగు చదివించాలనుకునే తల్లిదండ్రులకు రంగారెడ్డి జిల్లా పల్లెల్లో కొదువ లేదు. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత ఈ ఆశ మరీ పెరిగింది. గచ్చిబౌలి, గండిపేట వైపు కాలేజీలో సీటు దొరికితే హైటెక్ సిటీ అద్దాల మేడల్లో ఉద్యోగం దొరికినట్టేనని ఊళ్లో అనుకుంటారు. ఆ ఆశల బరువంతా పద్దెనిమిదేళ్ల పిల్లల నెత్తిన పడుతున్నది.

ఊరి బడిలో తెలుగులో చదివి ఫస్టు వచ్చిన కుర్రవాడికి కాలేజీలో ఇంగ్లీషు పాఠం అంతుపట్టదు. రెండు సబ్జెక్టులు తప్పుతాడు. నాయన అప్పు గుర్తుకు వచ్చి ఇంట్లో చెప్పడు. హాస్టలు గదిలో తనలో తానే కుమిలిపోతాడు. దిగులు అందరికీ కలిగేదే. కాని అది రెండు వారాలు దాటినా వదలకపోతే జబ్బేమోనని అనుమానించాలి. డాక్టర్లు దీనినే డిప్రెషన్ అంటారు.

నిద్ర పట్టకపోవడం, లేదా పొద్దస్తమానం పడుకోవడం, తిండి సయించకపోవడం, ఇష్టమైన ఆటల మీద కూడా మనసు పోకపోవడం, చదివింది తలకెక్కకపోవడం, నేనెందుకూ పనికిరానని అనడం దీని లక్షణాలు. ఇది బద్ధకం కాదు, గాలి సోకడం అంతకన్నా కాదు. మలేరియాకు ఉన్నట్టే దీనికీ వైద్యం ఉంది. మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పట్టవచ్చు. కాస్త నయం కాగానే డాక్టరును అడగకుండా మానరాదు. ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక వైద్యశాల పేరెత్తితేనే నవ్వే అలవాటు మనలో ఉంది. ఆ నవ్వుకు జడిసి ఎందరో వైద్యానికి వెళ్లడం లేదు.

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వెలువడిన కొద్ది రోజులలో 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఆందోళన చెలరేగగా, ఫెయిలైన వారి పేపర్లను ప్రభుత్వం మళ్లీ పరిశీలింపజేసింది. వెయ్యి మందికి పైగా పాసైనట్టు తేలింది. మార్కుల కాగితాన్ని దిద్దవచ్చు, పోయిన ప్రాణాన్ని తేలేము. ఏ ఒక్క కారణంతోనో ప్రాణం పోతుందనుకోవడమూ సరికాదు. లోపల పేరుకున్న దిగులును ముందే పసిగట్టాలి.

ఇందులో కాలేజీల బాధ్యత కూడా ఉంది. నూరు మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోనూ శిక్షణ పొందిన కౌన్సిలరు ఉండాలని సుప్రీంకోర్టు 2025 జూలైలో ఆదేశించింది. ఫీజు కట్టడానికి వెళ్లినప్పుడు కౌన్సిలరు ఎవరని తల్లిదండ్రులు తప్పక అడగాలి.

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్‌కు 14416 నంబరుపై రాత్రింబవళ్లు ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడవచ్చు. విద్యార్థులే కాదు, తల్లిదండ్రులు కూడా సలహా పొందవచ్చు.

చావాలని ఉందా అని అడిగితే లేని ఆలోచన పుడుతుందనేది అపోహ మాత్రమే. మెల్లగా, సూటిగా అడగాలి. అవునంటే ఒంటరిగా వదలరాదు. పురుగుమందులు ఇంట్లో అందుబాటులో ఉంచరాదు. వెంటనే డాక్టరు దగ్గరకు తీసుకుపోవాలి.

దసరాకు పిల్లలు ఊరికి వస్తారు. ఎన్ని మార్కులు వచ్చాయని అడిగే ముందు “బిడ్డా, మనసు మంచిగుందా?” అని అడిగి, చెప్పేది చివరిదాకా వినవలసిన అవసరం ప్రతి ఇంటా ఉంది.