రబ్బరు ఉంగరం మీద నిలబడ్డ సైనికుడు

జి.ఐ. జో బొమ్మని వెనక్కి తిప్పితే వీపు మధ్యలో ఒకే ఒక్క స్క్రూ కనిపిస్తుంది. సన్న స్క్రూడ్రైవరు పెట్టి దాన్ని విప్పితే ఛాతీ రెండు డొప్పలుగా ఊడివస్తుంది. చేతులు, తల, నడుము ముక్క దేనికది విడిపోతుంది. కాళ్ళు రెంటినీ కలుపుతూ ఒక చిన్న ఇనప కొక్కెం ఉంటుంది. ఆ కొక్కేనికీ ఛాతీ లోపలున్న బొడిపెకీ మధ్య సాగదీసి తగిలించిన నల్ల రబ్బరు ఉంగరం ఉంటుంది. తొమ్మిదిన్నర సెంటీమీటర్ల ఈ మనిషి కూర్చున్నా, మోకాలి మీద వంగినా, నడుము తిప్పి తుపాకీ గురిపెట్టినా ఆ ఉంగరం పట్టు వల్లే. ఏళ్ళు గడిచి రబ్బరు ఎండి తెగిపోతే బొమ్మ నడుము దగ్గర రెండు ముక్కలవుతుంది. చాలా ఇళ్ళలో ఈ బొమ్మలు చెత్తబుట్టలోకి వెళ్ళింది అలాగే. విరిగిపోయిందనుకుని పారేశారు. నిజానికి పోయింది రబ్బరు ఒక్కటే.

ఇలాంటి బొమ్మల్ని నేను సేకరిస్తాను. చేతిలో పట్టుకుని ఆడించి, విప్పి చూసి, ఒక్కోదాని మీద తెలుగులో సమీక్ష రాస్తాను. సినిమాకీ పుస్తకానికీ ఉన్నట్టే బొమ్మకీ సమీక్ష ఉండాలని నా గట్టి నమ్మకం. ఒక బొమ్మ వెనక శిల్పి ఉంటాడు, అచ్చు చెక్కినవాళ్ళు ఉంటారు, ఏ కీలు ఎక్కడ పెట్టాలో లెక్కగట్టిన ఇంజనీరు ఉంటాడు, ఖర్చు తగ్గించమని వెంటపడే యజమాని ఉంటాడు. వీళ్ళందరి మధ్య జరిగిన బేరం బొమ్మ ఒంటి మీద స్పష్టంగా కనిపిస్తుంది, చూడటం తెలియాలంతే.

కీళ్ళున్న, పేరున్న, కథ ఉన్న ఈ బొమ్మల్నే యాక్షన్ ఫిగర్లు అంటున్నాం. 1964లో అమెరికాలో హాస్‌బ్రో కంపెనీ తెచ్చిన జి.ఐ. జోతో ఇది మొదలైంది. అప్పటి జో పన్నెండు అంగుళాల పొడుగు, బట్టలు తొడిగే బొమ్మ. 1977లో స్టార్ వార్స్ సినిమా విడుదలయ్యాక కెన్నర్ కంపెనీ లెక్క మార్చేసింది. ఆ ఏడాది క్రిస్మస్‌కి బొమ్మలు తయారుకాలేదు. దాంతో బొమ్మలు తర్వాత పంపిస్తామన్న హామీ పత్రంతో అట్ట కవర్లు అమ్మింది. జనం కొన్నారు కూడా! 1978లో వచ్చిన ఆ బొమ్మల ఎత్తు మూడుముప్పావు అంగుళాలే. మనిషి చిన్నవాడైతే అతను ఎక్కే అంతరిక్ష నౌకని కూడా పిల్లల గదిలో పట్టే సైజులో, తండ్రి జేబు భరించే ధరలో చెయ్యొచ్చు. 1982లో హాస్‌బ్రో తన జోని అదే కొలతకి కుదించి తిరిగి తెచ్చింది. మరుసటి ఏడాదికే మోచేతి పైన తిరిగే కీలు చేర్చింది. అప్పుడే ఈ సైనికుడు రెండు చేతులతో తుపాకీ పట్టుకోగలిగాడు.

అదే 1982లో మాటెల్ కంపెనీ హీ-మాన్‌ని దించింది. ఇతను అయిదున్నర అంగుళాల కండల వీరుడు. ఒకే ఒంటి అచ్చుకి తలా రంగూ మార్చి కొత్త కొత్త పాత్రలు పుట్టించారు. హీ-మాన్ ఎక్కే పెద్దపులి కూడా అంతకుముందు బిగ్ జిమ్ అనే వేరే బొమ్మల వరసలోదే, దానికి ఆకుపచ్చ రంగు వేశారు. దీన్ని పిసినారితనం అనుకోను. ఉన్న అచ్చులతో ఒక లోకాన్ని నిలబెట్టగలగడం గొప్ప పని. 1983లో ఫిల్మేషన్ సంస్థ తీసిన కార్టూను ఆ లోకానికి ఊపిరి పోసింది. పిల్లల కార్యక్రమాల్లో ప్రకటనలకి ఉన్న పరిమితుల్ని 1984లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఎత్తేయడంతో బొమ్మ, కార్టూను ఒకదాన్నొకటి అమ్ముకునే కాలం వచ్చింది.

ఇక మన సంగతి. 1980ల చివర్లో దూరదర్శన్‌లో హీ-మాన్ వస్తుంటే తెనాలిలో మా వీధి మొత్తం టీవీ ఉన్న రెండిళ్ళలో సర్దుకుని కూర్చునేది. ఆ బొమ్మలు అమెరికా నుంచి రాలేదు. వి.ఐ.పి. సూట్‌కేసులు చేసే బ్లో ప్లాస్ట్ కంపెనీకి లియో అనే బొమ్మల బ్రాండు ఉండేది. అది మాటెల్‌తో కలిసి హీ-మాన్‌ని ఇక్కడే పోసింది. జి.ఐ. జోని ఫన్‌స్కూల్ చేసింది. టైర్ల కంపెనీ ఎం.ఆర్.ఎఫ్., హాస్‌బ్రోతో చేతులు కలిపి పెట్టిన ఈ సంస్థ 1987లో ఉత్పత్తి మొదలుపెట్టింది. మా అన్నయ్యకి పుట్టినరోజుకి జో వస్తే నాకు వంటసామాను సెట్టు వచ్చేది. మధ్యాహ్నం అన్నయ్య నిద్రపోయాక జో నా దగ్గరికొచ్చేవాడు. కథలో ఎవరు ఎవర్ని కాపాడాలో అప్పుడు నా ఇష్టం.

చిన్నప్పుడు మాకు ఇక్కడ తయారైన ఈ బొమ్మల్ని చూస్తే కొంచెం చిన్నతనంగా ఉండేది. అమెరికాలో ఉన్న బాబాయి తెచ్చిన బొమ్మే అసలైంది, మన అంగట్లో కొన్నది నకలు అని పిల్లలందరి తీర్మానం. నకలు అన్నమాటే తప్పు. హాస్‌బ్రో ఉక్కు అచ్చులే దేశాలు తిరిగేవి. బ్రెజిల్‌లో ఎస్త్రేలా కంపెనీ, ఇక్కడ ఫన్‌స్కూల్ వాటిలో తమ ప్లాస్టిక్ పోసి తమ రంగులు వేశాయి. అమెరికాలో 1994లో ఈ చిన్న జోల వరస ఆగిపోయింది. మన దగ్గర 2000ల తొలి ఏళ్ళ దాకా ఆ పాత అచ్చుల నుంచి కొత్త బొమ్మలు వస్తూనే ఉన్నాయి. బాల్యంలో పోగొట్టుకున్న బొమ్మ ఇండియాలో ఇంకా తయారవుతోందని తెలిసి అమెరికన్ సేకర్తలు పెట్టెలకి పెట్టెలు తెప్పించుకున్నారు. అక్కడ ఎప్పుడూ రాని రంగుల్లో వచ్చిన మన బొమ్మల కోసం ఇవాళ్టికీ వెతుకుతున్నారు. మనం తక్కువగా చూసినవాటికి అక్కడ జాబితాలు, ఫొటోలు, వివరాలు రాసిపెట్టారు. ఆ బొమ్మలతో ఆడుకున్న మనమే ఒక్క ముక్క రాసుకోలేదు. నేను రాయడం మొదలుపెట్టింది అందుకే.

ప్రస్తుతం నా బల్ల మీద ఫన్‌స్కూల్ ఫ్లింట్ ఉన్నాడు. ఒక పక్కకి వాలిన బెరెట్ టోపీ, చేతిలో షాట్‌గన్. అసలు శిల్పం 1985 నాటిది. ఇలాంటి బొమ్మల వెనకవైపు అచ్చులో సంవత్సరం ఉంటుంది. అది ఆ శిల్పం హక్కుల సంవత్సరమే గానీ బొమ్మ పుట్టిన ఏడు కాదు. కొత్తగా కొనేవాళ్ళు పొరబడేది ఇక్కడే, అమ్మేవాళ్ళు ఎక్కువ ధర చెప్పేదీ ఇక్కడే. మోచేతుల దగ్గర రంగు అరిగి లోపలి ప్లాస్టిక్ బయటపడింది. అంటే ఎవరో బాగా ఆడుకున్నారు. కుడి బొటనవేలు నిక్షేపంగా ఉంది, అది అదృష్టం. పిడికిలి చాలా బిగువు. తుపాకీని పైనుంచి అదిమితే బొటనవేలు పుటుక్కుమంటుంది. పిడిని వేళ్ళ సందులోకి పక్కనుంచి మెల్లగా జార్చాలి. వేలు పోయిన జో సగం ధర కూడా పలకడు.

సమీక్షకి కూర్చున్నప్పుడు నేను ముందు చూసేది ముఖం కాదు, పాదాలు. ఏ ఆసరా లేకుండా నాపరాయి గచ్చు మీద బొమ్మ నిలబడుతుందా? నిలబడకపోతే మిగతావన్నీ ఎంత బాగున్నా పిల్లవాడి చేతిలో అది ఓడిపోయినట్టే. తర్వాత పట్టు, ఇచ్చిన ఆయుధం చేతిలో నిలుస్తుందా జారుతుందా అని. తర్వాత కీళ్ళు. ఎన్ని ఉన్నాయన్నది ప్రకటనల్లో చెప్పుకోడానికి పనికొస్తుంది. వంచిన చోట వంచినట్టు ఆగుతున్నాయా అన్నదే నాకు కావాలి. ఆ పైన కళ్ళ రంగు. రెండు కనుపాపలూ ఒకే గీత మీద లేకపోతే ఎంతటి వీరుడైనా దిక్కులు చూస్తున్నట్టు ఉంటాడు.

ఈ పద్ధతిలో రెండు హీ-మాన్‌లని పక్కపక్కన పెట్టి చూశాను. ఒకటి 1982 నాటి రూపం, రెండోది మాటెల్ 2020లో మార్కెట్లోకి తెచ్చిన ఆరిజిన్స్ వరసలోది. ఎనభైల పిల్లలు పెద్దవాళ్ళై సంపాదనలో పడ్డాక కంపెనీలు పాత వరసల్ని మళ్ళీ తోడుతున్నాయి. హాస్‌బ్రో కూడా 2020లోనే జోలని ఆరు అంగుళాల్లో క్లాసిఫైడ్ పేరుతో తెచ్చింది. ఆరిజిన్స్ హీ-మాన్ అదే ఎత్తు, అలాంటి అట్ట, ఆనాటి బొమ్మల తీరే. పాతవాడికి తల, భుజాలు, నడుము, తొడలు మాత్రమే కదులుతాయి. కొత్తవాడికి మోచేతులు, మణికట్లు, మోకాళ్ళు, పాదాలు కూడా కలిపి పదహారు కీళ్ళు. మోకాలి మీద కూర్చుంటాడు, కత్తి ఎత్తుతాడు, ఫొటోలో అందంగా ఉంటాడు. కానీ పాతవాడి నడుములో ఒక స్ప్రింగు ఉండేది. నడుముని పక్కకి మెలిపెట్టి వదిలితే గిర్రున వెనక్కి తిరిగి ఎదుటివాడికి గుద్దు తగిలేది. కొత్తవాడి నడుము తిప్పిన చోటే ఆగిపోతుంది. అరలో నిలబెట్టేవాళ్ళకి పదహారు కీళ్ళు లాభం. చేతిలో పట్టుకునేవాళ్ళకి ఆ ఒక్క గుద్దు పోవడం పెద్ద నష్టం. నా మార్కులు పాతవాడికే, ఈ విషయంలో తోటి సేకర్తలతో ఎన్నిసార్లు వాదన జరిగినా.

బొమ్మతో పాటు అట్టనీ సమీక్షించాలి. జో బొమ్మల అట్ట వెనక ఒక్కో సైనికుడి వివరాల చీటీ ఉండేది. అసలు పేరు, పుట్టిన ఊరు, నేర్చిన విద్య, స్వభావం. వాటిని రాసిన లారీ హామా స్వయంగా అమెరికా సైన్యంలో పనిచేసినవాడు, మార్వెల్ జి.ఐ. జో కామిక్స్ రచయిత కూడా. నాలుగు వాక్యాల్లో ఒక మనిషిని నిలబెట్టేవాడు. ఆ చీటీని కత్తెరతో కత్తిరించుకోమని చుట్టూ చుక్కల గీత ఉండేది. ఆ ఒక్క గీత వల్ల ప్రపంచంలో ఎన్ని అట్టలు ముక్కలయ్యాయో! ఇప్పుడు కత్తిరించని అట్ట మీద, ప్లాస్టిక్ బుడగ ఊడకుండా ఉన్న బొమ్మ దొరికితే దాని ధర వేరు.

ముడి సరుకు గురించి ఒక మాట. పాత బొమ్మల్లో చాలావాటికి మొండెం గట్టి ప్లాస్టిక్, కొన్ని భాగాలు మెత్తని పి.వి.సి. మెత్తదనం కోసం కలిపిన నూనెలాంటి పదార్థం ఏళ్ళు గడిచేకొద్దీ పైకి ఊరి బొమ్మ జిగటగా తయారవుతుంది. గోరువెచ్చని నీళ్ళు, గిన్నెలు తోమే సబ్బు చాలు. వంగిన కత్తిని వేడినీళ్ళలో కాసేపు ఉంచి, నిటారుగా పట్టుకుని చన్నీళ్ళలో ముంచితే అలాగే నిలుస్తుంది. ఎండ తగిలితే తెల్ల ప్లాస్టిక్ పసుపుబారుతుంది. కలరా ఉండలు మాత్రం దగ్గరికి రానివ్వద్దు, అవి కొన్ని రకాల ప్లాస్టిక్‌ని మెత్తబరిచి పాడుచేస్తాయి. మా అమ్మ సంక్రాంతి కొలువు బొమ్మల్ని ఒక్కోదాన్నీ పాత పంచె గుడ్డలో చుట్టి చెక్కపెట్టెలో దాచేది. నా బొమ్మల్ని చూసి, “కిటికీ దగ్గర పెట్టమాకే, రంగు పోద్ది” అంది. వస్తువులు దాచే విద్య ఆవిడ దగ్గర నేర్చుకున్నంతగా ఇంకెక్కడా నేర్చుకోలేదు.

తెగిన రబ్బరు ఉంగరాల కోసం సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్ళాను. ఆయిల్ సీళ్ళు, బేరింగులు అమ్మే వీధి. “ఏ పంపుకి మేడం?” అన్నాడు కొట్టాయన. సంచీలోంచి ఫ్లింట్‌ని తీసి రెండు ముక్కలుగా కౌంటరు మీద పెట్టాను. కళ్ళజోడు పెట్టుకుని, కొక్కేన్ని వేలితో తడిమి చూసి డబ్బాలు దించాడు. “నల్లది ఆయిల్‌కి ఆగుతది, గాలికి ఆగది. సిలికాన్‌ది తీస్కోండి” అన్నాడు. ఒక్కొక్కటే తగిలించి చూశాం. మరీ బిగువైతే నడుము పగులుతుంది, వదులైతే మనిషి తూలుతాడు. సరిపోయినది దొరికాక ఆయనే స్క్రూ బిగించి, కాలు మడిచి, కౌంటరు మీద కూర్చోబెట్టాడు. ఆ సైజు ఉంగరాలు గుప్పెడు కొన్నాను.

దొరకడం గురించి చాలామంది అడుగుతారు. కొత్తవి తెప్పించుకోవడం ఇప్పుడు ఖరీదు. బొమ్మల దిగుమతి సుంకాన్ని 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెంచారు. 2021 జనవరి నుంచి ఐఎస్ఐ గుర్తు లేని బొమ్మలు దేశంలో అమ్మకూడదు. నాసిరకం ప్లాస్టిక్ నుంచి పిల్లల్ని కాపాడే ఆ రెండో నిబంధనని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. సుంకం మాత్రం నాలాంటివాళ్ళకి భారమే. అందుకే నా వేట ఎక్కువగా పాతవాటి కోసం. ఎర్రగడ్డ ఆదివారం సంత, జుమేరాత్ బజార్, పాత సామాన్లవాళ్ళ గోతాలు. గోతం అడుగున తుపాకులూ బెల్టులూ విడిగా దొరుకుతాయి కాబట్టి బొమ్మ లేకపోయినా అడుగు దాకా చూడాలి.

మీ ఇంటి అటక మీద ఇలాంటి బొమ్మలున్న డబ్బా ఉంటే ముందు కడగకండి. ఉన్నదున్నట్టు ఫొటో తియ్యండి. ఏ ఊళ్ళో, ఏ కొట్లో, ఏ ఏడాది కొన్నారో ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి ఒక కాగితం మీద రాసి డబ్బాలో వెయ్యండి. నడుము ఊడినవాటిని పారెయ్యకండి, వాటికి కావలసింది రబ్బరు ముక్కే. అట్ట చిరిగిపోయి ఉన్నా ఉంచండి. దాని మూల మీద కొట్టువాడు అంటించిన ధర చీటీ ఉంటే అసలే పీకకండి. మన అంగళ్ళలో ఆ బొమ్మ ఎప్పుడు, ఎంతకి అమ్ముడుపోయిందో చెప్పే ఆధారం చాలాసార్లు ఆ చీటీ ఒక్కటే.