మెనూ కార్డును అమ్మకు తెలుగులో చదివి వినిపించండి

హోసూరు 2019లో నగరపాలక సంస్థ అయింది. ఫ్యాక్టరీలు, బెంగళూరు ఉద్యోగాలు పెరిగేకొద్దీ ఏసీ రెస్టారెంట్లూ పెరిగాయి. అత్తిముగం, బేరిగె, బాగలూరు వైపు ఊళ్ల పిల్లలు మొదటి జీతం వచ్చినప్పుడో, పండగ పూటో అమ్మానాయనలను అక్కడికి తీసుకెళ్తున్నారు. సంతోషించాల్సిన విషయమే. అయితే మన సంఘంలో పెద్దవాళ్లు తరచూ అనే మాట ఒకటుంది: "తిండి బాగానే ఉండె, నోరు తెరిచి ఏమీ అడగలేకపోతిమి."

దీనికి కారణం మొహమాటం ఒక్కటే కాదు. మన పక్క అరవై దాటినవారిలో బడికి పోయినవారు చాలామంది తెలుగు మీడియంలో చదివారు. 2006లో తమిళం నేర్పే చట్టం వచ్చింది. ఆ ఏడాది ఒకటో తరగతితో మొదలై, ఏటా ఒక్కో తరగతి చొప్పున తమిళం తప్పనిసరి అయింది. ఇప్పుడు ఇంట్లో అందరం తెలుగే మాట్లాడుతున్నా, అవ్వ చదివేది తెలుగు, మనవడు చదివేది తమిళం, ఇంగ్లీషు. పెద్ద హోటల్లో కార్డు ఇంగ్లీషులో ఉంటుంది. సర్వరు చాలాచోట్ల హిందీ మాట్లాడే పిల్లవాడు. ఆ బల్ల దగ్గర అవ్వ భాష ఎక్కడా ఉండదు. అందుకే "నాకేమీ వద్దు, మీరు తినేదే ఇంత పెట్టండి" అంటుంది. ఆకలి లేక అన్న మాట కాదది.

కాబట్టి మొదటి పని, కార్డును తెలుగులో చదివి వినిపించడం. ఈ పని మనవళ్లకు అప్పజెప్పండి. పేరు చదివితే చాలదు, అందులో ఏముందో చెప్పాలి. పనీర్ అంటే పాలు విరిచి గట్టిపరిచిన ముక్కలు. స్టార్టర్ అంటే భోజనానికి ముందు తినే చిరుతిండి, తినకపోయినా తప్పులేదు. మాక్‌టెయిల్ అంటే మత్తు లేని షర్బత్తు. ఈ ఒక్క మాట చెప్పకపోవడం వల్లే గ్లాసు ముట్టని పెద్దలున్నారు.

ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. రాగి ముద్ద ఇప్పుడు పెద్ద హోటళ్ల కార్డుల్లోనూ కనిపిస్తోంది. అది మన సంగటే. దాని సంగతి సర్వరు కంటే అమ్మకే బాగా తెలుసు. మెత్తగా ఉంటుందా, దాంతో ఉలవచారు ఇస్తారా, ఊరుబిండి ఉందా అని ఆమెనే అడగనివ్వండి. మీరు ఆ మాటను సర్వరుకు చేరవేస్తే చాలు. "అమ్మకేం కావాలి?" అని అతను మిమ్మల్ని అడిగితే, జవాబు మీరు చెప్పకుండా అమ్మ వైపు తిరగండి.

రెండోది ధర. పెద్దల చూపు ముందు అంకెల మీదికే పోతుంది. కార్డు దాచిపెట్టవద్దు. "ఈ పూటకు ఇంత అనుకొని వచ్చాం" అని బయల్దేరే ముందే చెప్పండి. ఒక కూర ఇద్దరికి సరిపోతుందా అని అడగడం, మిగిలింది పార్సెల్ కట్టించుకోవడం నామోషీ కాదు. షుగర్ మాత్రలు వేసుకునేవారికి భోజనం ఆలస్యం కాకూడదు. వారిది ముందు చెప్పండి.

మూడోది బిల్లు. మామూలు రెస్టారెంటులో జీఎస్టీ 5 శాతం. సర్వీస్ ఛార్జీ వేరు. అది ప్రభుత్వ పన్ను కాదు, ఇవ్వడం మన ఇష్టం. దాన్ని బిల్లులో తనంతట తాను కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలిచ్చింది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న వాటిని సమర్థించింది. కలిపి ఉంటే తీసేయమని మర్యాదగా అడగవచ్చు. వినకపోతే 1915 నంబరుకు ఫిర్యాదు చేయవచ్చు. ఈ లెక్క అమ్మానాయనల ముందే చూడండి. ఊరి సంతలో చిల్లర ఎంచుకొని తెచ్చుకున్నవాళ్లకు బిల్లు చూడటం కొత్తేమీ కాదు.

చివరగా ఒక విన్నపం. తిని లేచేటప్పుడు మేనేజరును ఒక్క మాట అడగండి: "కార్డులో తెలుగు పేజీ ఒకటి పెట్టగలరా?" హోసూరులో తెలుగువాళ్లు కొత్తగా వచ్చినవారు కాదు, రోజూ ఆ బల్లల దగ్గర కూర్చునేవారే. నాలుగు కుటుంబాలు అడిగితే ఒక పేజీ అచ్చు వేయడం హోటలువారికి భారం కాదు. ఏ హోటలువారు ముందుకొచ్చినా, ఆ పేజీకి కావలసిన తెలుగు మాటలు ఉచితంగా రాసివ్వడానికి మేము సిద్ధం.