గొంతులోని గ్రంథికి మెదడు ఆజ్ఞ

మెడ ముందుభాగమున, స్వరపేటికకు దిగువగా, రెక్కలు చాచిన సీతాకోకచిలుక వంటి గ్రంథి యొకటి కలదు. దీనిని అవటు గ్రంథి యనియు, థైరాయిడ్ అనియు వ్యవహరింతురు. తూచినచో ఇరువది గ్రాములకు అటునిటుగా నుండును. శరీరము ఎంత వేడిగా నుండవలెను, గుండె ఎంత వేగముగా కొట్టుకొనవలెను, తిన్న అన్నము ఎంత త్వరగా శక్తిగా మారవలెను అను విషయములందు ఈ గ్రంథి స్రవించు హార్మోనుకు పెత్తనము కలదు. గర్భస్థశిశువు మెదడు సరిగా పెరుగుటకు సైతము అది యావశ్యకము.

అయితే ఈ గ్రంథి తనంత తాను పనిచేయునది కాదు. మెదడు అడుగున హైపోథాలమస్ అను చిన్న భాగమున్నది. దాని నుండి కాడకు కాయవలె బఠాణీగింజంత పిట్యూటరీ గ్రంథి వ్రేలాడుచుండును. పిట్యూటరీని గ్రంథులకెల్ల రాజని వర్ణించుట వాడుక. మా దృష్టిలో అది రాజు కాదు, మంత్రి మాత్రమే. హైపోథాలమస్ పంపిన హార్మోను సన్నని రక్తనాళముల వెంట పిట్యూటరీని చేరును. అంతట పిట్యూటరీ తన హార్మోనును రక్తములోనికి విడిచి, అవటు గ్రంథిని పనికి పురికొల్పును. రక్తపరీక్ష కాగితముపై టి.ఎస్.హెచ్. అని కనబడునది ఈ పిట్యూటరీ హార్మోనే.

అవటు గ్రంథి హార్మోను రక్తమున చాలినంత చేరగానే పైనున్న యిద్దరును దానిని గుర్తించి తమ ఆజ్ఞలను తగ్గించుకొందురు. అది కొరవడినచో ఆజ్ఞలు హెచ్చును. టి.ఎస్.హెచ్. ఎక్కువగా నున్నదని వినగానే గ్రంథి అతిగా పనిచేయుచున్నదని పలువురు భ్రమపడుదురు. సాధారణముగా దాని యర్థము తద్విరుద్ధము. పనివాడు మందగించినందున యజమాని కేకలు పెరిగినవన్నమాట.

హైపోథాలమస్ పంపు ఆ తొలి హార్మోను నిర్మాణము 1969లో తేలినది. రోజర్ గిలెమిన్ గొఱ్ఱెల మెదళ్ళతోను, ఆండ్రూ షాలీ పందుల మెదళ్ళతోను అమెరికాలో ఏండ్ల తరబడి పోటీపడి శ్రమించిరి. లక్షలకొలది మెదడు ముక్కలను వడపోసినను చేతికి చిక్కినది రవ్వంతయే! 1977లో రోజలిన్ యాలోతో పాటు వీరిరువురకును నోబెల్ బహుమానము లభించినది.

ఇక అవటు గ్రంథికి కావలసిన ముడిసరకు అయొడిన్. పెద్దలకు దినమునకు 150 మైక్రోగ్రాములు, గర్భవతులకు 250 వలయునని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయము. దినమునకు 150 చొప్పున డెబ్బది యేండ్లకు లెక్కగట్టినను మొత్తము నాలుగు గ్రాములు కాదు. ఆ కొంచెమైనను దొరకనిచో హార్మోను తగ్గును, మెదడు ఆజ్ఞ తీవ్రమగును. నువ్వులు లేక నూనె తగ్గగా, సంగతి తెలియని యజమాని మరి రెండు గానుగలు బిగించినట్లు, ఆజ్ఞకు లోబడి గ్రంథి పెరుగుచు పోవును. గళగండమనునది తరచుగా ఇట్లు పుట్టినదే. బయటకు కనబడు వాపు కంటె కనబడని నష్టము పెద్దది. తల్లికి అయొడిన్ తీవ్రముగా కొరవడినచో బిడ్డ మందబుద్ధియై, చెవుడు మూగతనములతో పుట్టవచ్చును. ఆ నష్టము పిమ్మట తీరునది కాదు.

హిమాలయ పాదమున కాంగ్రా లోయలో గళగండము ఇంటింటి వ్యాధిగా నుండెడిది. శ్రీకాకుళమున జన్మించి విశాఖపట్టణమున వైద్యవిద్య నభ్యసించిన డాక్టరు వులిమిరి రామలింగస్వామి, ఆయన సహచరులు 1956లో అక్కడ ఒక ప్రయోగ మారంభించిరి. లోయను మూడు భాగములు చేసి, రెండింటికి అయొడిన్ కలిపిన ఉప్పును, మూడవదానికి మామూలు ఉప్పును సరఫరా చేయించిరి. కొన్ని యేండ్లకు మొదటి రెండు భాగములలో వ్యాధి స్పష్టముగా తగ్గినది; మూడవదానిలో తగ్గలేదు. అప్పుడు ఆ భాగమునకును అయొడిన్ ఉప్పునే ఇచ్చిరి. 1962లో గళగండ నివారణకు జాతీయ కార్యక్రమము ఏర్పడినది.

గొంతు వాపులన్నియు అయొడిన్ లోపము వలననే కలుగవు గనుక వాపు కనబడినచో వైద్యునికి చూపవలెను. ఇంట వాడు ఉప్పు విషయమున మాత్రము గృహిణులు సంచిపై అయొడిన్ మాట యున్నదో లేదో చూచి కొనవచ్చును. రాళ్ళ ఉప్పులో తరచుగా అది యుండదు. ఉన్న ఉప్పునైనను చెమ్మ తగులని చోట, మూతగల జాడీలో నుంచవలెను. తడిసిన ఉప్పులోని అయొడిన్ క్రమముగా తరిగిపోవును.